ఓమందూరు రైతు మద్రాసు ప్రధాని అయిన కథ, మా తాతగారి కిస్తు రసీదులు

పుత్తూరు మాస్టారు, తిరుపతి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మాది పుత్తూరుకూ కార్వేటినగరానికీ నడుమ ఉన్న చిన్న పల్లె, ఒకప్పుడు కార్వేటినగరం జమీ కిందిది. తెలుగు పండితుడిగా ఉద్యోగ విరమణ చేసి తిరుపతిలో స్థిరపడ్డాను. మొన్న వేసవిలో పల్లెలోని పాత పెంకుటిల్లు విప్పిస్తుంటే అటక మీద ఒక రేకు పెట్టె బయటపడింది. అందులో మా తాతగారి కిస్తు (భూమి శిస్తు) రసీదులు నూలుదారంతో ఫసలీవారీగా, అంటే జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరాల వరుసలో, కట్టి ఉన్నాయి. 1358 ఫసలీ వరకు ఉన్న కాగితాల మీద ఎస్టేటు ముద్ర ఉంది. 1361 నుంచి సర్కారు ముద్ర, దాని కింద కరణం సంతకం. నడుమ రెండేళ్లవి లేవు.

ఈ రసీదుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా నాయన ఒకే మాట అనేవాడు: “ఓమందూరాయన వచ్చినాకనే మన కయ్యలు మనవైనాయి.” కయ్యలంటే మా వైపు వరి మళ్లు. చిన్నతనంలో ఓమందూరు అనేది ఒక ఊరి పేరని కూడా నాకు తెలియదు. ఆయన మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు) పనిచేసిన రామస్వామి రెడ్డియార్ అనీ, సేద్యమే వృత్తిగా బతికిన మనిషనీ చాలా ఆలస్యంగా చదివి తెలుసుకున్నాను. అయితే బారిస్టర్లూ పండితులూ నిండి ఉన్న ఆనాటి కాంగ్రెసు శాసనసభా పక్షం, పెద్ద చదువులు లేని ఒక రైతును నాయకుడిగా ఎందుకు ఎన్నుకున్నదో, ఎన్నుకున్నవారే రెండేళ్లకు ఆయనను ఎందుకు దించారో నాకు స్పష్టంగా తెలియలేదు. మా నాయన చెప్పిన మాటలో నిజమెంత, ఇంటి అభిమానమెంత అన్నది కూడా తేల్చుకోవాలని ఉంది. వచ్చే నెలలో మా ఊరి గ్రంథాలయంలో పిల్లలకు ఈ సంగతి చెప్పమని అడిగారు. వాళ్ల ముందు తప్పు చెప్పకూడదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.


కట్టమంచి నివాసి, చిత్తూరు

మాస్టారు గారికి నమస్కారాలు. కళాశాలలో చాలా ఏళ్లు చరిత్ర చెప్పినవాడిని కనుక ఈ ప్రశ్నకు కొంత విపులంగానే జవాబు రాస్తాను. మన చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం కాబట్టి ఓమందూరు రామస్వామి రెడ్డియార్ పరాయి రాష్ట్రపు నాయకుడు కాడు, మన తాతలను పాలించిన ప్రధాని.

ఆయన 1895 ఫిబ్రవరి 1న తిండివనం దగ్గర ఓమందూరులో పుట్టారు. తరాల క్రితం తమిళదేశానికి తరలివెళ్లిన తెలుగు రెడ్ల వంశం వారిది. సేద్యం చేసుకుంటూనే స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చి దక్షిణ ఆర్కాటు జిల్లా కాంగ్రెసులో పెద్ద మనిషి అయ్యారు. సభల్లో గొంతెత్తి మాట్లాడి పేరు తెచ్చుకున్నవారు కారు. మాట తప్పడని, డబ్బు ముట్టడని పేరు. ఆ పేరే తరువాత ఆయనను మద్రాసు దాకా తీసుకువెళ్లింది.

1946 ఎన్నికల తరువాత ఏప్రిల్ 30న టంగుటూరి ప్రకాశం గారు ప్రధాని అయ్యారు. రాజాజీ వర్గం, కామరాజు వర్గం, పట్టాభి సీతారామయ్య గారి వెనుక ఉన్న ఆంధ్రులు, ప్రకాశం గారి అనుయాయులు అని పక్షం అప్పటికే నాలుగు ముక్కలుగా ఉంది. కొత్త నూలు మిల్లులకు అనుమతి ఇవ్వనన్న ప్రకాశం గారి పట్టుదల ఆ చీలికలను మరింత పెంచింది. 1947 మార్చిలో సొంత పక్షంవారే ఆయన మీద అవిశ్వాసం ప్రకటించారు. అప్పుడు ఎవరిని కూర్చోబెట్టినా మరొక వర్గానికి కంటగింపు అవుతుంది. ఏ వర్గానికీ పూర్తిగా చెందని మనిషి, ఎవరూ వేలెత్తి చూపలేని మనిషి కావలసి వచ్చాడు. కామరాజు గారు తమిళనాడు కాంగ్రెసు అధ్యక్షుడి హోదాలో ఓమందూరు వారి పేరును నిలబెట్టారు. 1947 మార్చి 23న ఆయన ప్రమాణ స్వీకారం చేశారు. ఆ ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి మద్రాసు ప్రధాని పీఠం మీద ఉన్నది ఆయనే.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఆయనను తెచ్చినవారు మెత్తని మనిషిని తెస్తున్నామని అనుకున్నారు. రైతు కదా, మనం చెప్పినట్టు వింటాడులే అన్న లెక్క కొందరికైనా ఉండి ఉంటుంది. సేద్యం చేసినవాడి గురించి సేద్యం చేయనివారు చాలాసార్లు పొరబడేది ఇక్కడే. ఏడాదికి ఒకసారి చేతికి వచ్చే పంటను నమ్ముకుని అప్పు, ఎద్దు, వాన, కూలి అన్నీ లెక్క చూసుకుని బతికిన మనిషికి ఒకరి దయతో పని ఉండదు.

ఆ రెండేళ్లలో జరిగిన పనులు చూడండి. 1947లో దేవాలయ ప్రవేశ చట్టం వచ్చి హరిజనులకు గుడి తలుపులు చట్టబద్ధంగా తెరుచుకున్నాయి. అదే ఏడు బాలికలను దేవదాసీలుగా అర్పించడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. మన వైపు గుళ్ల చరిత్ర తెలిసినవారికి అది ఎంత పెద్ద మార్పో వేరే చెప్పనక్కరలేదు. ప్రభుత్వోద్యోగాలను కులమత వర్గాలవారీగా పంచే ఉత్తర్వును అదే ఏడు సవరించి, 14 ఉద్యోగాల వరుసలో వెనుకబడిన హిందూ కులాలకు మొదటిసారిగా విడిగా 2 స్థానాలు కేటాయించారు. మద్యనిషేధం మన చిత్తూరులో 1938లోనే ఒకసారి అమలైంది. సేలం తరువాత దాన్ని తెచ్చిన జిల్లాలు చిత్తూరు, కడప. ఓమందూరు వారి హయాంలో 1948 అక్టోబరు 2 నాటికి అది రాష్ట్రమంతటికీ విస్తరించింది.

వీటన్నిటికంటే మాస్టారు గారి పెట్టెకు దగ్గరి సంగతి జమీందారీల రద్దు. దాని లోతుపాతులు రెవెన్యూలో పనిచేసినవారే చెప్పాలి. ఒక్కటి మాత్రం పిల్లలకు తప్పక చెప్పండి: ఆ ఆలోచన ఓమందూరు వారి ఒక్కరిది కాదు. 1938లోనే ప్రకాశం గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం, జమీ రైతుల శిస్తు 1802 నాటి స్థాయికి దిగిరావాలని నివేదిక ఇచ్చింది. ఆచార్య రంగా గారు, జమీ రైతు సంఘాలవారు, పక్కనే వెంకటగిరి రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. పండిన పంటను ఇంటికి తెచ్చిన చేయి ఓమందూరు వారిది. దుక్కి దున్నినవారు వేరే ఉన్నారు.


రెవెన్యూ సెటిల్‌మెంట్, తిరుపతి

చరిత్ర మాస్టారు వదిలిన చోట నేను అందుకుంటాను. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఎస్టేట్ల రద్దు ముగిసి చాలా కాలమైంది. అయినా దాని తాలూకు దావాలు, పట్టా తగాదాలు నా సర్వీసు చివరిదాకా నా బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి. అందుకని ఆ చట్టం నాకు కంఠస్థం అనే చెప్పవచ్చు.

ముందు తెలుసుకోవలసినది ఏమిటంటే, మీ నాయనగారు ఒకే చట్టంగా గుర్తుపెట్టుకున్నది నిజానికి రెండు చట్టాలు. మొదటిది 1947 నాటి 30వ చట్టం, అంటే ఎస్టేటు భూముల శిస్తు తగ్గింపు చట్టం. ఎస్టేటు గ్రామంలో రైతు కట్టే శిస్తును, పక్కనున్న రైత్వారీ (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే) గ్రామంలో అటువంటి నేలకే సర్కారు వసూలు చేసే శిస్తుతో పోల్చి, ఎక్కువ ఉంటే ఆ స్థాయికి దించడం దీని సారం. ఒకే కాలువ నీళ్లు పారే రెండు కయ్యల్లో, గట్టుకు ఇవతలి రైతు అవతలివాడికంటే ఒకటిన్నర రెట్లు కట్టే అన్యాయాన్ని అది సరిచేసింది. రెండోది 1948 నాటి 26వ చట్టం, ఎస్టేట్ల రద్దు, రైత్వారీగా మార్పు చట్టం. 1802లో కంపెనీ ప్రభుత్వం శాశ్వత పరిష్కారం పేరుతో పాళెగాళ్లకూ జమీందార్లకూ ఇచ్చిన సన్నదులన్నిటినీ, అంటే హక్కు పత్రాలన్నిటినీ, అది ఎత్తివేసింది. కార్వేటినగరం, కాళహస్తి, వెంకటగిరి వంటివి ఆ సన్నదుల కిందివే.

పని జరిగిన తీరు చెబుతాను. ప్రభుత్వం గెజిట్‌లో ఒక తేదీ ప్రకటించేది. ఆ తేదీ తెల్లవారేసరికి ఎస్టేటులోని అడవి, చెరువు, బంజరు, గనులు సర్వం ఏ అప్పూ తాకట్టూ అంటకుండా సర్కారుపరం అయ్యేవి. రైతు సాగులో ఉన్న జిరాయితీ భూమికి 11వ సెక్షను కింద అతని పేరునే రైత్వారీ పట్టా. జమీందారు సొంత కమతంగా దున్నుకున్న నేలకు ఆయన కూడా పట్టా తెచ్చుకోవచ్చు, కాని అది సొంత కమతమేనని రుజువు చేసుకోవాలి. నా కాలందాకా మిగిలిన తగాదాలన్నీ ఈ చివరి మాట చుట్టూ తిరిగినవే. పరిహారాన్ని ఎస్టేటు వార్షిక ప్రాతిపదిక ఆదాయాన్ని బట్టి లెక్కగట్టారు. చిన్న ఎస్టేటుకు దానికి 30 రెట్లు, పెరిగేకొద్దీ తగ్గుతూ లక్ష రూపాయలు దాటిన పెద్ద ఎస్టేటుకు పన్నెండున్నర రెట్లు. చిన్నవాడికి ఎక్కువ రెట్లు, పెద్దవాడికి తక్కువ రెట్లు అన్న ఆ ఏర్పాటు రాసిన చేతికి పల్లె బాగా తెలుసునని నేను ఎప్పుడూ అనుకుంటాను.

తేదీలు కూడా గమనించండి. ఓమందూరు వారు 1949 ఏప్రిల్ 6న పదవి నుంచి దిగిపోయారు. రద్దు చట్టం 1949 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. ఎస్టేట్లను స్వాధీనం చేసుకోవడం ఆ సెప్టెంబరు నుంచి విడతలుగా సాగింది. అంటే ఆయన చేయించిన చట్టం పల్లెకు చేరేసరికి ఆయన ఆ కుర్చీలో లేరు. మీ పెట్టెలో 1359, 1360 ఫసలీల రసీదులు లేకపోవడానికి కారణం బహుశా ఈ చేతులు మారే కాలమే. 1359 ఫసలీ అంటే 1949 జూలై నుంచి 1950 జూన్ వరకు.

మాస్టారు గారూ, ఒక చిన్న పని చేయండి. ఎస్టేటు ముద్ర ఉన్న ఆఖరి రసీదును, దానికి రెండు మూడేళ్ల ముందరిదాన్ని పక్కపక్కన పెట్టి మొత్తాలు చూడండి. శిస్తు తగ్గింపు మీ గ్రామానికి చేరిందో లేదో ఆ అంకెలే చెబుతాయి. ఇంకొక మాట: ఆ కాగితాలను లామినేషన్ చేయించకండి. పాత సిరా వేడికి తట్టుకోదు. బట్టలో చుట్టి పొడిచోట ఉంచండి.


పాలసముద్రం

పెద్దలందరి జవాబులూ శ్రద్ధగా చదివాను. కాదనడానికి రాయడం లేదు, కాని చెప్పకుండా వదిలేస్తే పిల్లలకు సగం కథే చేరుతుందన్న బాధతో రాస్తున్నాను.

11వ సెక్షను కింద పట్టా ఎవరికి వచ్చింది? రైతుకు. రైతు అంటే చట్టం లెక్కలో ఎస్టేటుకు శిస్తు కట్టే పేరున్నవాడు. ఆ రైతు కయ్యలో తెల్లవారుజామున మడకకు ఎద్దులు కట్టినవాడు, మోట తోలినవాడు, నూర్పిళ్లప్పుడు కళ్లంలో పడుకుని కావలి కాసినవాడు పాలికాపు. మా తాత పాలికాపు. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లు, రెండు పంచెలు, ఒక జత చెప్పులు అతని జీతం. పేరు ఏ రసీదు మీదా ఉండదు కనుక రద్దు చట్టం వచ్చిన రోజున అతని బతుకులో ఏమీ మారలేదు. ఎస్టేటు పోయింది, మోతుబరి మిగిలాడు. మా వైపు దేవదాయ ఇనాములు, చిన్న ఇనాములు (గుళ్లకూ వ్యక్తులకూ మాన్యంగా ఇచ్చిన భూములు) ఆ చట్టానికి అందనే లేదు. వాటికి వేరే చట్టం 1956లో గాని రాలేదు.

అయినా ఓమందూరు వారి మీద మా ఇంట్లో గౌరవమే ఉంది, దానికి కారణం భూమి కాదు. మా నాయనమ్మ తొలిసారి గుడి లోపలికి వెళ్లి దేవుణ్ణి ఎదుట నిలబడి చూసింది ఆ దేవాలయ ప్రవేశ చట్టం తరువాతనే. అంతకుముందు ఆమెకు తెలిసిన గుడి అంటే ప్రాకారం బయటి వేపచెట్టు, అక్కడినుంచి కనిపించే గోపురం. లోపల దీపం వెలుగులో మూలవిరాట్టు ఇంత చిన్నగా ఉంటాడని అనుకోలేదని ఆమె చివరిదాకా చెప్పేది. మాస్టారు గారూ, మీరు పిల్లలకు ఆయన కథ చెప్పేటప్పుడు పట్టాతో పాటు ఈ సంగతి కూడా చెప్పాలని నా మనవి.


కట్టమంచి నివాసి, చిత్తూరు

పాలసముద్రం వారు రాసినది అక్షరాలా నిజం, నేను ముందే రాసి ఉండవలసింది. భూమి శాసనాలు భూమి ఉన్నవాడి పేరుతోనే మొదలవుతాయి, లేనివాడి దాకా రావడానికి ఇంకో తరం పట్టింది.

మాస్టారు గారు అడిగిన ప్రశ్నలో ఒకటి మిగిలింది: రెండేళ్లకే ఎందుకు దిగిపోయారు? పైకి కనిపించే కారణం పక్షంలో మద్దతు పోవడం. లోపలి కారణం ఆయన నడవడిలోనే ఉంది. శాసనసభ్యులు సిఫారసు చీటీలు పట్టుకుని వస్తే ఒప్పుకునేవారు కారు. బదిలీలకు, కాంట్రాక్టులకు, లైసెన్సులకు పక్షంలోని పెద్దలు చెప్పిన మాట చెల్లకపోయేసరికి, ఆయనను తెచ్చినవారికే ఆయన బరువయ్యారు. చివరకు పి. ఎస్. కుమారస్వామి రాజా గారు నాయకుడయ్యారు. పదవిని అంటిపెట్టుకోవడానికి వర్గం కూడగట్టుకునే ప్రయత్నమేదీ ఓమందూరు వారు చేయలేదు.

ఆ తరువాతి ఇరవై ఏళ్ల జీవితం నాకు పదవీకాలం కంటే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. ఆయన రామలింగస్వామి వెలసిన వడలూరుకు వెళ్లి శుద్ధ సన్మార్గ నిలయం స్థాపించి, అనాథ పిల్లలకు ఆశ్రయం, బడి నడిపారు. రమణ మహర్షి మీద కూడా ఆయనకు అపారమైన భక్తి. 1970 ఆగస్టు 25న కన్నుమూశారు. చెన్నైలో నేడు ప్రభుత్వ ఆసుపత్రి ఉన్న ఓమందూరార్ ఎస్టేటు ఆయన పేరు మీదిదే. ఎస్టేట్లను రద్దు చేసిన మనిషి పేరు ఒక ఎస్టేటుకు నిలవడం చూసి నా విద్యార్థులు ఆశ్చర్యపోయేవారు. అది జమీ కాదు, సర్కారు ఆవరణ మాత్రమేనని వాళ్లకు చెప్పవలసి వచ్చేది.

ఇంకొక సంగతి. మన కట్టమంచి రామలింగారెడ్డి గారు 1923లో మద్రాసు శాసనమండలిలో పానగల్ రాజా గారి జస్టిస్ పార్టీ మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఆ సభలో మన జిల్లా గొంతు అంతకుముందే వినిపించింది. కాని రామలింగారెడ్డి గారిది విద్వాంసుడి మార్గం, కేంబ్రిడ్జిలో చదివిన వాగ్ధాటి. ఓమందూరు వారి మార్గం వేరు. పిల్లలకు రెండూ చూపించండి.


పుత్తూరు మాస్టారు, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. రెవెన్యూ వారు చెప్పినట్టు నిన్న సాయంత్రం రసీదులు బల్ల మీద పరిచి భూతద్దంతో చూశాను. 1355 ఫసలీ రసీదులో మా నంజ (మాగాణి) కయ్యలకు 11 రూపాయల 4 అణాలు. 1358 రసీదులో, అదే ఎస్టేటు ముద్ర కింద, అవే కయ్యలకు 7 రూపాయల 10 అణాలు. అచ్చు ఫారంలో ముందు పాత మొత్తమే రాసి, దాన్ని అడ్డంగా ఒక గీతతో కొట్టివేసి, పక్కన కొత్త మొత్తం వేసి గుమాస్తా పొడి సంతకం చేశాడు. ఆ గీత గీసేటప్పుడు కలం గట్టిగా ఒత్తినందువల్ల కాగితం ఆ మేర కొద్దిగా చినిగింది. మా నాయన మాట పూర్తిగా అభిమానం కాదని తేలింది. చట్టాలు రెండన్న సంగతి మాత్రం ఆయనకు తెలియదు.

పాలసముద్రం వారికి ప్రత్యేకంగా రాయవలసినది ఒకటి ఉంది. పాలికాపు పేరు ఏ రసీదు మీదా ఉండదని మీరు రాశారు. అది చదివిన తరువాత నేను రసీదుల వెనుకవైపు కూడా చూశాను. మొత్తం మీద నాలుగు రసీదులలో, ‘మారుఫతు’ (ఎవరి ద్వారా కట్టారో) అన్న చోట ఉన్న పేరు మా తాతగారిది కాదు. మా ఇంట్లో పాలికాపుగా ఉన్న మనిషిది. కార్వేటినగరం దాకా నడిచి వెళ్లి డబ్బు కట్టి వచ్చింది ఆయనే. పేరు పక్కన ఎడమచేతి బొటనవేలి ముద్ర ఇంకా వంకాయ రంగులో స్పష్టంగా ఉంది. ఇన్నాళ్లూ అది మా తాతగారి వేలిముద్రే అనుకున్నాం. ఆయనకు సంతకం చేయడం వచ్చునన్న సంగతి మాకు తెలిసి కూడా.

ఆయన మనవలు ఇప్పుడు నగరిలో మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. ఆ నాలుగు రసీదులూ బట్టలో చుట్టి పెట్టాను. ఈ ఆదివారం వాళ్ల ఇంటికి వెళుతున్నాను. గ్రంథాలయం సభకు వాళ్ల పిల్లలను కూడా రమ్మని అడుగుతాను.